తెల్లగుడ్డ మీద మరక లేదు

"చక్రం ఇచ్చేయమ్మాయ్," అన్నారు అత్తగారు మళ్ళీ.

నేను ఇవ్వలేదు. ఇనప చక్రం నా ఒళ్ళోనే ఉంది. దాని గ్రీజు నా బట్టలకంతా అంటుకుంది. అంటుకుంటే అంటుకోనీ.

నిన్న సాయంత్రం మా అద్దకం కార్ఖానా వెనక్కి వెళ్ళి, చివరి గుంట గేటుకుండే ఈ చక్రాన్ని స్పానరుతో ఊడదీసి ఇంటికి పట్టుకొచ్చేశాను. చక్రం లేకపోతే గేటు తెరుచుకోదు. గేటు తెరుచుకోకపోతే మా నీళ్ళు కాలవలోకి పోవు. పోకపోతే గుంటలు నిండుతాయి. గుంటలు నిండితే యంత్రాలు ఆపాలి. ఇవాళ పొద్దున ఆపారు. అందుకే ఇంటిల్లిపాదీ హాల్లో చేరి నా మీద పడ్డారు.

"ఇవ్వను అత్తయ్యా. ఆ నీళ్ళు బయటికి పోతే జనం జబ్బు పడతారు. నిన్నటి నుంచీ ఇదే చెబుతున్నాను."

"ఏ జనం?" అంది మా తోడికోడలు, గోళ్ళ వైపు చూసుకుంటూ. ఆవిడ ఎప్పుడూ ఎదుటి మనిషి వైపు చూసి మాట్లాడదు. "కిందివీధి జనమేగా. అంటే మీ అమ్మావాళ్ళేగా."

మా గేటు దాటిన కాలవ తిన్నగా కిందివీధికే పోతుంది. అక్కడి పంపు ఆ కాలవలోంచే నీళ్ళు తోడుతుంది. ఆ వీధిలో మా అమ్మ ఉంది, తమ్ముడూ మరదలూ ఉన్నారు, వాళ్ళ చంటిపిల్ల ఉంది. నిజమే, కాదనను. మా అమ్మ అక్కడ ఉన్నంత మాత్రాన విషం విషం కాకుండా పోతుందా? ఈ ఇంట్లో ఏ మాట మొదలైనా తిప్పి తిప్పి కోడలి పుట్టింటికి తెచ్చి కట్టేస్తారు. అదొక విద్య వీళ్ళకి.

"మా అమ్మ అక్కడ లేకపోయినా పీక్కొచ్చేదాన్నే అక్కయ్యా."

"అంత భయమెందుకు మరి? ఆ పంపు నీళ్ళతో వాళ్ళు బట్టలుతుక్కుంటారు, నేల కడుక్కుంటారు. తాగే నీళ్ళు ఎగువ కుళాయి నుంచి మోసుకొస్తారు. మీ అమ్మే చెప్పింది నాకు."

"ఆ నీళ్ళలో పిల్లలు ఆడుకోరా? ఆ బట్టలు ఒంటికి తగలవా?"

"ఇన్నేళ్ళూ తగలలేదా? అప్పుడు లేని జబ్బులు ఇప్పుడొచ్చాయా?"

మా బావగారు కిటికీ దగ్గర నిలబడి ఫోనులో ఎవరితోనో సర్ది చెబుతున్నారు. అద్దకం, అమ్మకం ఆయన చూస్తారు. గుంటలూ నీళ్ళూ మా ఆయన చూస్తారు. బట్టకి రంగు సరిగ్గా పట్టిందా లేదా, నీళ్ళు శుభ్రపడ్డాయా లేదా అని పరీక్షలు చేసే పని నాది. ఇలా పంచుకుని ఇన్నాళ్ళూ బాగానే బతికాం.

బావగారు ఫోను జేబులో పెట్టి నా ఎదురుగా కుర్చీ లాక్కున్నారు.

"చూడమ్మా, ఆ నల్ల బట్ట ఇవాళ లారీ ఎక్కాలి. ఎక్కకపోతే ఆ పార్టీ ఇక మన గుమ్మం తొక్కడు. నీళ్ళు నేనూ వెళ్ళి చూసొచ్చాను. అద్దంలా ఉన్నాయి."

"అద్దంలా ఉండటమే నా బాధ బావగారూ."

బావగారు ఈమధ్య మొదలెట్టిన ఈ నల్ల రంగు నీళ్ళు మా తొట్టిలో పడి ఎంత బాగుపడినా టీ డికాషన్ రంగుకి తగ్గవు. ఎందుకంటే వాటిని శుభ్రం చేసేది మందు కాదు, ప్రాణమున్న పురుగులు. కంటికి కనబడనివి. గాలి పంపుతో తొట్టిలోకి గాలి కొడుతుంటే ఆ పురుగులు నీళ్ళలోని రసాయనాల్ని కొద్దికొద్దిగా తింటాయి. మా ఆయన వాటిని పెంచినంత మురిపెంగా పిల్లల్ని కూడా ఎవరూ పెంచరు. యంత్రాలకి సెలవొస్తే పస్తుంటాయని పంచదార నీళ్ళు పోస్తారు. చలికాలంలో తొట్టి మీద పట్టాలు కప్పుతారు. 'మా చిన్నాడికి ఇద్దరు పెళ్ళాలు, పెద్దది ఆ తొట్టి' అని అత్తగారు వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

రోజూ పొద్దున్నే గేటు దగ్గర నీళ్ళు సీసాలో పట్టి ఆయనే నా బల్ల మీద పెట్టేవారు. మొన్న రాత్రి ఆయనకి జ్వరమొచ్చింది. నిన్న పొద్దున సీసా నేనే పట్టుకెళ్ళాను.

గుంటలో నీళ్ళు తాగే నీళ్ళలా తళతళలాడుతున్నాయి. వంగితే ముక్కు మండింది. బ్లీచింగు వాసన. మా దగ్గర ఒక చీటీ కాగితం ఉంటుంది, బ్లీచింగు తగిలితే నీలమవుతుంది. ముంచిన క్షణంలో నీలమైంది. ఆ నీళ్ళని ఆమ్లంలో, నారింజ రంగు మందులో కలిపి మరగబెట్టాను. నీళ్ళు శుభ్రంగా ఉంటే ఆ నారింజ రంగు నిలబడుతుంది. రసాయనాలుంటే ఆకుపచ్చకి తిరుగుతుంది. చిక్కటి ఆకుపచ్చ అయి కూర్చుంది. తొట్టి నీళ్ళు ఒక చుక్క తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఎప్పుడు చూసినా అందులో పురుగులు సంతలో జనంలా అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఒక్కటి కదల్లేదు.

ఎవరో మా నీళ్ళలో బ్లీచింగు పోశారు. దానితో రంగు పోయింది, పురుగులూ పోయాయి. విషం మాత్రం నిక్షేపంలా ఉంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

మా ఆయన సోఫా మూల కూర్చుని నేల వైపు చూస్తున్నారు. జ్వరం తగ్గి రెండు పూటలైంది. ఆ తొట్టి చచ్చిపోయిందని నేను చెప్పినప్పుడు ఆయన ఏడుస్తారనుకున్నాను. "అలాగా" అన్నారు, అంతే. అన్నగారికి ఎదురు చెప్పలేక నోరు కుట్టేసుకున్నారని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్ళాం చక్రం పీక్కొచ్చి కూర్చుంటే, పక్కన నిలబడి ఒక్క మాట అనలేని మొగుడు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

"బావగారూ, ఒక్క మాట అడుగుతాను. బట్టలు తెల్లబరచే బ్లీచింగు డ్రమ్ములున్న గది తాళం ఎవరి దగ్గరుంటుంది?"

తోడికోడలు మొదటిసారి గోళ్ళ మీంచి చూపు ఎత్తింది.

"నా దగ్గరే," అన్నారు బావగారు.

"మీకు తెలియకుండా ఆ గదిలోంచి చెంబుడు ద్రావకం బయటికి పోతుందా?"

"పోదు."

"మరి?"

ఆయన తమ్ముడి వైపు ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగారు.

"మరి లేదు గిరి లేదు," అంది తోడికోడలు లేచి నిలబడి. "నా మొగుణ్ణి దొంగంటున్నావా? ఎంత ధైర్యం నీకు? ఆయన తెస్తే కదా ఈ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది."

"దొంగ అని నేననలేదు. మీరే అన్నారు."

"అనకపోతే ఏమిటది? కూరలో కరివేపాకులా మీ ఆయన్ని తీసి పక్కన పెడుతున్నారని కుళ్ళు నీకు. ఆ తొట్టి పోగొట్టలేని రంగుని మా ఆయన బ్లీచింగు పోసి పోగొట్టారంటావు, అంతేగా?"

"పోగొట్టడమా? తొట్టిని చంపేశారు అంటున్నాను నేను."

"చాలు." అత్తగారు బల్ల మీద చెయ్యి చరిచారు. "అన్నదమ్ముల మధ్య నిప్పు పెట్టకండి. మీ మావయ్యగారు లేచారు."

మావయ్యగారు వరండాలోంచి వచ్చారు. మడతపెట్టిన తెల్లగుడ్డ ఆయన చేతిలో ఉంది. కార్ఖానాలో పనివాళ్ళు ఆయన్ని చాటుగా తెల్లగుడ్డ అనే పిలుస్తారు. గేటు తెరిచేముందు రోజూ ఆయన వచ్చి ఉతికిన తెల్లగుడ్డ గుంటలో ముంచుతారు. పిండి, ఎండకి ఎత్తి చూస్తారు. మరక లేకపోతే తెరవమంటారు. ఉంటే ఆ తడిగుడ్డ మా ఆయన భుజం మీద వేసి వెళ్ళిపోతారు, అందరూ చూస్తుండగా. ముప్ఫై రకాల ఎరుపుల్ని చీకట్లో కూడా విడదీసి చెప్పగల కన్ను ఆయనది. రంగులవాడికి రంగు లేకపోతే ఇక ఏమీ లేనట్టే.

ఆ గుడ్డని ఆయన నా ముందు బల్ల మీద పరిచారు. ఇంకా తడిగానే ఉంది.

"ఇప్పుడే ముంచి తెచ్చాను. మరక చూపించు."

"మరక లేదు మావయ్యా."

"మరి దేనికీ రాద్ధాంతం?"

"బ్లీచింగు రంగుని మాత్రమే చంపుతుంది. రంగులో ఉన్న పదార్థాన్ని చంపదు, ముక్కలు చేసి వదిలేస్తుంది. ఆ ముక్కలు కొన్ని బ్లీచింగుతో కలిసి అసలు రంగు కంటే చెడ్డవవుతాయి. దొంగ చొక్కా విప్పేసినంత మాత్రాన దొంగ కాకుండా పోతాడా?"

"నేను నీ వయసప్పటి నుంచీ రంగు నీళ్ళలో చేతులు పెట్టాను. నువ్వు మూడు సీసాలు మరగబెట్టి నాకు నీళ్ళు నేర్పుతావా?"

"మీరు చేతులు పెట్టారు కాబట్టే మోచేతి దాకా ఆ పొక్కులు మావయ్యా. అవి తెల్లగుడ్డకి కనబడవు."

అనకూడని మాట. అన్నాను. ఆయన చొక్కా చేతులు కిందికి లాక్కున్నారు. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

నేను పరీక్షకని తెచ్చిన సీసా బల్ల మీదే ఉంది. మావయ్యగారు దాని మూత తిప్పి తీశారు. పక్కనున్న గాజుగ్లాసులోకి వంచారు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే గ్లాసు ఖాళీగా ఉందేమో అనిపించింది.

"నా కొడుకు శుభ్రం చేసిన నీళ్ళు ఇవి," అన్నారు. "వాడి పెళ్ళానికి వాడి మీద నమ్మకం లేకపోవచ్చు. నాకుంది. నేను తాగి ఇక్కడే కూర్చుంటాను. సాయంత్రానికి నాకేమీ కాకపోతే ఆ చక్రం నువ్వే తీసుకెళ్ళి బిగించాలి. సరేనా?"

"మావయ్యా, వద్దు. ఇది ఒక్క పూటలో తెలిసే జబ్బు కాదు."

"అదే మరి. తెలియని జబ్బుకి కనబడని మరక." నవ్వుతూనే గ్లాసు ఎత్తారు.

నేను ఒళ్ళోంచి చక్రం కింద పడేసి లేచాను. నా కంటే ముందు మా ఆయన లేచారు. ఎలా లేచారో ఎలా వచ్చారో తెలియదు, తండ్రి మణికట్టు పట్టుకుని పక్కకి గుంజారు. నీళ్ళన్నీ పెద్దాయన చొక్కా మీద ఒలికాయి.

"తాగకు నాన్నా," అన్నారు.

"వదలరా."

"తాగొద్దు. అది చెప్పేది నిజం. పోసింది అన్నయ్య కాదు. నేను."

పెద్దాయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. తడిసిన చొక్కా నుంచి చుక్కలు నేల మీద పడుతున్నాయి.

"నల్ల రంగు మొదలెట్టిన దగ్గర్నుంచీ నా పురుగులు దాన్ని తినలేకపోయాయి," అన్నారు మా ఆయన. గొంతు పెంచలేదు. "రోజూ గుడ్డకి మరక. రోజూ ఆ గుడ్డ నా భుజం మీద. పనివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఒకరోజు, తొట్టి దాటాక నీళ్ళు తేరుకునే గుంటలో కొంచెం బ్లీచింగు పోసి చూశాను. గుడ్డ తెల్లగా వచ్చింది. నువ్వు నా వీపు తట్టావు నాన్నా. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నా వీపు తట్టడం అదే మొదలు."

"ఒరేయ్..."

"అక్కడ అడుక్కి దిగిన పురుగుల్ని మళ్ళీ తొట్టిలోకి తోడే పంపు ఉందిగా. అది నా మతికి రాలేదు. ఆ పంపు బ్లీచింగుని కూడా తొట్టిలోకి లాగేసింది. పురుగులు చావడం మొదలెట్టాయి. అవి చచ్చిన కొద్దీ నీళ్ళలో రంగు ఎక్కువ మిగిలింది. రంగు మిగిలిన కొద్దీ ఎక్కువ పోశాను. ఇంకేం చెయ్యను?"

ఆయన చేతులతో పెంచినవాటిని ఆయన చేతులతోనే చంపారు. కంచే చేను మేసింది. నేనేమో మూలన కూర్చున్న ఈ మనిషి కోసం ఊరందరితో పోట్లాడుతున్నాననుకున్నాను.

"తాళం అడిగితే ఇచ్చాను," అన్నారు బావగారు, ఇంకా కిటికీ వైపే చూస్తూ. "ఎందుకని అడగలేదు. నిన్న నువ్వు బ్లీచింగు అన్నప్పుడు అర్థమైంది. వాడే చెబుతాడని ఊరుకున్నా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా ఎత్తాను. "మిమ్మల్ని అనుమానించాను బావగారూ, తప్పే. కానీ తొట్టి తినలేని నల్ల రంగు తెచ్చింది మీరు. అది అనుమానం కాదు."

ఆయన జేబులోంచి ఫోను తీసి, మళ్ళీ జేబులోనే పెట్టేశారు.

"ఇప్పుడేం మించిపోయింది?" అన్నారు అత్తగారు గబగబా, భర్త చొక్కా తుడుస్తూ. "తండ్రికి భయపడి చేశాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఇంట్లో మాట ఇంట్లో ఉంచండి. తొట్టి మళ్ళీ పెంచుకుంటాడు. అంతదాకా గేటు తెరవరు. అంతేగా అమ్మాయ్ నీకు కావలసింది?"

అంతే కావాలనుకున్నాను, ఒక్క క్షణం. అప్పుడు గుర్తొచ్చింది.

"ఏవండీ, ఇటు చూడండి. రోజూ నా బల్ల మీద పెట్టిన సీసాలు ఎక్కడివి?"

ఆయన చూడలేదు.

"నల్ల రంగు వచ్చినప్పటి నుంచీ నేను పరీక్ష చేసిన ప్రతి సీసా బాగానే ఉంది. ఒక్కటి కూడా ఆకుపచ్చకి తిరగలేదు. అవి ఎక్కడివి?"

"ఇంటి కుళాయి నీళ్ళు. అందులో టీ రంగు వచ్చేలా ఒక గరిటెడు నల్ల నీళ్ళు కలిపేవాణ్ణి."

"నాకు?"

"నీకు చెబితే ఊరుకుంటావా?"

"అన్నయ్యకి చెప్పలేదు, నాన్నకి చెప్పలేదు, సరే. రోజూ నేను ఆ సీసాలు మరగబెట్టి, బాగున్నాయండీ అని వచ్చి చెబితే, మీరు నా చేతి టీ తాగుతూ విన్నారు. ఎలా మింగుడు పడింది మీకు?"

"పడలేదు. జ్వరం ఊరికే వచ్చిందా?"

నాకు ఏడుపు రాలేదు. చెయ్యి ఎత్తి కొట్టాలనిపించింది. నా పదేళ్ళ కాపురంలో ఎప్పుడూ అనిపించలేదు, ఆ క్షణాన అనిపించింది.

"అయితే గేటు? ఇన్నాళ్ళూ గేటు ఎవరు తెరిచారు?"

మావయ్యగారు గుడ్డ ముంచి తెరవమన్నారు, మా ఆయన తిప్పారు. ప్రతి రోజూ. నేను నిన్న చక్రం పీక్కొచ్చి ఏదో ఆపేశాననుకుంటున్నాను. ఆ నీళ్ళు వెళ్ళడం మొదలై నెల దాటింది.

మావయ్యగారు కుర్చీలో కూలబడ్డారు. తడి చొక్కా మీద చేత్తో తడుముకుంటున్నారు. దాని మీద మరక పడలేదు.

"ఏం కాదులే," అంది తోడికోడలు. ఈసారి నా వైపే చూసింది, గొంతులో ఆ పదును లేదు. "చెప్పాగా, వాళ్ళు తాగరు. ఎగువ కుళాయి నుంచి తెచ్చుకుంటారు."

నేను ఫోను తీసి మా అమ్మకి చేశాను. నా వేళ్ళకున్న గ్రీజు అద్దం మీద పాకి అంకెలు కనబడలేదు. తుడిచి మళ్ళీ నొక్కాను. మా ఆయన లేచి నా పక్కన నిలబడ్డారు. దూరం జరిగాను.

"అమ్మడూ, నూరేళ్ళు నీకు," అంది అమ్మ ఎత్తగానే. "ఇప్పుడే మీ ఆయన మాటే అనుకుంటున్నాం. నాలుగు రోజులుగా నీకు చెయ్యాలనుకుంటూనే పిల్ల గోలలో మర్చిపోతున్నా."

"అమ్మా, ఒక్క నిమిషం, నేను చెప్పేది..."

"ముందు నా మాట విను. మా పంపు నీళ్ళు ఎంత తేటగా వస్తున్నాయనుకున్నావు. ఇన్నేళ్ళు ఎంతో కొంత రంగు తేలుతూ వచ్చేవా, చూసి ఎవరం నోట్లో పోసుకునేవాళ్ళం కాదు. అల్లుడుగారు ఏం మంత్రం వేశారో గానీ వీధి వీధంతా ఆయన పేరే చెప్పుకుంటోంది. ఎగువ కుళాయికి వెళ్ళడం మానేశామమ్మా. నా మోకాళ్ళకి ఎంత సుఖమో. తాగడానికీ, వంటకీ, పిల్ల పాలపొడి కలపడానికీ అన్నిటికీ ఇవే. దానికి మాత్రం కాచి పోస్తున్నాంలే, నువ్వు కంగారు పడకు. అల్లుడుగారు పక్కనున్నారా? ఒకసారి ఫోను ఇవ్వు, నా నోటితో ఒక్క మాట చెబుతాను."

ఫోను గొంతు హాలంతా వినబడుతోంది. నేను మా ఆయన వైపు చెయ్యి చాపాను. ఆయన తీసుకోలేదు. వెనక్కి అడుగు వేశారు.

"తీసుకోండి," అన్నాను. "మిమ్మల్నే అడుగుతోంది."